బోణీ అయ్యాకే నోటీసు

ప్రభుత్వానికి మనసుంటుందని ఆ ఊరి బజారులో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఉందని అద్దెల కంట్రోలరు నిరంజన ప్రసాదు గారు సర్క్యులరు వేసి మరీ తెలియజేశారు.

అంతకు ముందు జరిగిందేమిటంటే, ఒక మిఠాయి కొట్టాయనకి కొట్టు ఖాళీ చేయమనే కేసు తాలూకు నోటీసు పొద్దున్నే, తలుపులు తీసీ తీయకముందే చేతిలో పెట్టారు. ఆ రోజంతా ఆయన కొట్లో ఒక్క జిలేబీ కూడా అమ్ముడుపోలేదు. ఆయన టీవీ వాళ్ళ ముందు కూర్చుని భోరుమన్నాడు. "నోటీసిచ్చినందుక్కాదండీ నా ఏడుపు, బోణీ కాకముందే ఇచ్చారండీ!" అన్నాడు. జిల్లా అంతా ఆ ఏడుపు చూసి కరిగిపోయింది. ఆ సమయానికి నిరంజన ప్రసాదు గారు రాజధానిలో 'మనోభావ సహిత పరిపాలన' అనే శిక్షణలో ఉన్నారు. శిక్షణ ముగిశాక అందరికీ ఇచ్చినట్టే ఆయనకీ ఒక చేతిసంచీ, పెన్ను, నీళ్ళ సీసా ఇచ్చారు. మిగతా అధికారులు వాటితో సరిపెట్టుకున్నారు గానీ, ఈయన మనోభావాలు కూడా మోసుకొచ్చారు. వచ్చీ రాగానే ఉత్తర్వు జారీ అయింది.

"వాణిజ్య ప్రాంగణములందలి అద్దెదారులకు అందజేయబడు ప్రతికూల స్వభావము గల కాగితము ఏదైనను, సదరు దుకాణమున ఆ దినపు బోణీ జరిగిన మీదట మాత్రమే అందజేయవలెను. బోణీకి పూర్వము అందజేసినది చెల్లనేరదు. గోడకు అంటించుట, తపాలా ద్వారా పంపుట, తలుపు సందున దూర్చుట వంటి మనోభావ రహిత పద్ధతులు ఇందుమూలముగా రద్దుపరచడమైనది."

వర్తక సంఘం వాళ్ళు ఆయన బొమ్మతో సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. అధికారి అంటే ఇలా ఉండాలని పేపర్లో రాశారు. ఇంతకీ ఆ సర్క్యులరు మొట్టమొదట వచ్చి వాలింది కొత్తమాసు పాండురంగం కొట్టు మీద.

పాండురంగానిది మెయిన్ బజారులో మ్యాచింగ్ సెంటరు. చీర తీసుకెళ్తే దానికి కలిసే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్సు, దారం ఇస్తాడు. ఇద్దరు ఆడవాళ్ళు చీరలు విప్పితే మూడోవాళ్ళు గుమ్మం బయట నిలబడాల్సినంత కొట్టు. మూడు గోడలకీ నేల నుంచి కప్పు దాకా తానులే. మిగతా కొట్లలో ఎరుపు అంటే ఎరుపు. ఇక్కడ మిరపపండు ఎరుపు వేరు, దొండపండు ఎరుపు వేరు, పారాణి ఎరుపు వేరు. మనిషి మెత్తన. బేరానికి వచ్చినవాళ్ళు ఎంత తగ్గించమంటే అంత తగ్గించేస్తాడని భార్య మాణిక్యమ్మకి ఎప్పుడూ గొడవే. కానీ ఒక్క విషయంలో మాత్రం ఆయనకి గర్వం ఉంది. కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ రంగు అడిగిన ఏ ఆడమనిషికీ 'లేదు' అని చెప్పలేదు. అది ఆయన బోర్డు మీద రాయించుకోలేదు గానీ, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు.

కొట్టు గలాయన, అంటే అద్దెకిచ్చిన మద్దుకూరి గంగాధరరావు, పైనే కాపురం ఉంటాడు. ఆయనకీ పాండురంగానికీ తగువంటూ ఏమీ లేదు. ఈ మధ్య ఆయన బావమరిది ఫోనులో ఏదో వీడియో చూపించాడు. అందులో ఒకాయన మట్టి ముంతల్లో టీ పోసి మేడలు కట్టేశాడు. అది చూసినప్పటి నుంచి గంగాధరరావుకి కింద కొట్లో ముంతలే కనిపించసాగాయి. సొంత అవసరానికి కొట్టు కావాలని కేసు వేశాడు. వేసిన మర్నాడు కూడా మామూలుగానే కిందికి దిగి, పాండురంగం పేపరు తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"కేసు కేసే, పేపరు పేపరే. ఏమంటావు పాండురంగం?" అన్నాడు.

"అంతే కదండీ," అన్నాడు పాండురంగం. ఆయనకి నిజంగా కాదనడం చేతకాదు.

నోటీసు తెచ్చిన అమీనా పేరు ఏసోబు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఎవరి దినానికో వచ్చినట్టుండే మనిషి. పాండురంగం అగరొత్తి వెలిగించి గల్లాపెట్టె చుట్టూ తిప్పుతుండగా గుమ్మంలో నిలబడ్డాడు.

"బోణీ అయిందాండీ షావుకారు గారూ?"

"ఇంకా లేదండీ. ఏం కావాలి?"

"నాకేం వద్దండీ. మీకే నోటీసుంది. బోణీ అయ్యాక ఇద్దామని." చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. సర్క్యులరు ముందుగా చదివి వినిపించాలని కూడా సర్క్యులరులోనే ఉండటంతో, జేబులోంచి తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. పాండురంగం చేతులు కట్టుకుని భక్తిగా విన్నాడు. మాణిక్యమ్మ మాత్రం తానులు సర్దుతున్నదల్లా ఆగింది.

"అయితే బోణీ కాకపోతే నోటీసివ్వరా?"

"ఇవ్వకూడదండమ్మా."

"రేపు?"

"రేపు కూడా అంతేనండి. ఏ రోజు బోణీ ఆ రోజుదే."

అప్పుడే ఒకామె హుక్కుల ప్యాకెట్టు కోసం వచ్చింది. పాండురంగం చెయ్యి అలవాటుగా సొరుగులోకి వెళ్ళింది. మాణిక్యమ్మ ఆ సొరుగుని తన మోకాలితో గట్టిగా మూసేసింది.

"లేవమ్మా," అంది.

పాండురంగం వేళ్ళు నలిగాయి. కానీ ఆయన అబ్బా అన్నది అందుకు కాదు.

సాయంత్రం దాకా ఏసోబు ఆ స్టూలు మీదే కూర్చుని, 'బోణీ జరగనందున నోటీసు అందజేయబడలేదు' అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ ప్లీడరు దక్షిణామూర్తి గారి దగ్గరికి పరుగెత్తారు. ఆయన సర్క్యులరు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివి, పాండురంగాన్ని కావలించుకున్నంత పని చేశాడు.

"నోటీసందకపోతే కేసు నడవదు. కేసు నడవకపోతే ఖాళీ లేదు. ఇంతకన్నా గట్టి డిఫెన్సు నా సర్వీసులో చూళ్ళేదయ్యా!"

"పోనీ నాలుగు రోజులు కొట్టు మూసేస్తే సరిపోతుందాండీ?"

"పొరపాటున కూడా మూయొద్దు. తాళం వేస్తే వాడకంలో లేదని అదో కేసు పెడతారు. పొద్దున్నే తెరవండి. దీపం పెట్టండి. ఎవరొచ్చినా రండమ్మా అనండి. అమ్మొద్దు, అంతే."

ఆ విధంగా పాండురంగం కొట్టు నిలబెట్టుకోవడం కోసం కొట్టు నడపడం మానేశాడు. మాణిక్యమ్మ ఇంట్లో ఫాల్సులు కుట్టి నాలుగు డబ్బులు తెస్తుంటే ఇల్లు గడుస్తోంది. ఆయన రోజూ వెళ్ళి తానుల మధ్య కూర్చునేవాడు. ఎదురుగా ఏసోబు కూర్చునేవాడు. ఇద్దరి మధ్యా గంగాధరరావు కూర్చుని పేపరు చదివేవాడు.

కొన్నాళ్ళకి గంగాధరరావుకి ఒక ఆలోచన తట్టింది. తన భార్య సత్యవతి ఈ కొట్టుకి మొదటి నుంచీ ఖాతాదారు. ఆవిడ వచ్చి అడిగితే పాండురంగం లేదనలేడు. పైగా ఆవిడకి నిజంగానే గుడ్డ అవసరం. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి కట్టుకుందామని ఉప్పాడ చీర ఒకటి తీసుకుంది. అది మెంతి రంగూ కాదు, తేనె రంగూ కాదు. వెలగపండు పగలగొడితే లోపలుండే గుజ్జు రంగు.

సత్యవతికి భర్త ఎత్తుగడ తెలియదు. చీర పట్టుకుని వచ్చి, "అన్నయ్య గారూ, దీనికి మీరే దిక్కు," అంది.

చీర చూడగానే పాండురంగం కళ్ళు వాటంతటవే వెనక గోడ మీదికి వెళ్ళాయి. ఎడమ పక్కన, కిటికీ పైన, సరిగ్గా ఆ రంగు తాను ఉంది. ఎవరూ అడగరని తెలిసీ సూరత్ నుంచి ముచ్చటపడి తెప్పించుకున్న తాను. ఏసోబు స్టూలు మీద కొంచెం ముందుకు జరిగాడు.

"లేదమ్మా," అన్నాడు పాండురంగం.

"అదుగో, ఆ కిటికీ మీద..."

"అది చూడ్డానికి అట్టా ఉంటుంది గానీ ఆ రంగు కాదమ్మా. దాంట్లో ఎరుపు జాస్తి. కలవదు."

"మీరు కలవదంటే కలవదు," అని సత్యవతి చీర మడత పెట్టుకుని వెళ్ళిపోయింది. పాండురంగానికి ఆ పూట అన్నం సహించలేదు. లేదన్నందుకు బాధ ఒక ఎత్తు. కలిసే రంగుని కలవదన్నందుకు ఆయనకి సిగ్గేసింది. కొట్టు కోసం కదా అని మాణిక్యమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆ సిగ్గు పోలేదు.

భార్య ఉత్త చేతులతో రావడంతో గంగాధరరావు స్వయంగా రంగంలోకి దిగాడు. మర్నాడు పేపరు చదువుతున్నవాడల్లా చటుక్కున లేచి, గాజు బీరువాలోంచి తెల్ల దారపు ఉండ ఒకటి లాక్కుని, బల్ల మీద నోటు విసిరేసి, "అయింది బోణీ! ఇవ్వవయ్యా ఏసోబూ!" అని కేక పెట్టాడు.

పాండురంగం రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకి అతుక్కుపోయాడు. ఆ నోటు ముట్టుకుంటే పామేదో కరుస్తుందన్నట్టు చూశాడు. ఏసోబు నోటీసు సగం బయటికి తీసి ఆగాడు.

"దీన్ని బోణీ అంటారో లేదో నాకు తెలవదండీ. పైకి రాస్తాను."

పైకి రాశాడు. నిరంజన ప్రసాదు గారు ఆ కాగితం చూసి ఎంతో ఆనందించారు. పరిపాలనలో ఇంతవరకూ ఎవరూ ముట్టుకోని చోటు ఒకటి తనకి దొరికింది. వెంటనే బోణీ నిర్వచన సంఘం ఏర్పాటైంది. అందులో ఒక బ్యాంకు మేనేజరు, ఒక సంస్కృత పండితుడు, తూనికలు కొలతల శాఖ నుంచి ఒకాయన సభ్యులు. వాళ్ళు జీడిపప్పు తింటూ చర్చించి నివేదిక సమర్పించారు.

"బోణీ అనగా విక్రేత ఇష్టపూర్వకముగా వస్తువు నొసగి, తత్సంబంధమైన సొమ్మును స్వహస్తముతో గ్రహించి, సదరు సొమ్మును రెండు కళ్ళకును అద్దుకొనుట. ఒక కంటికి మాత్రమే అద్దుకొన్నచో అసంపూర్ణ బోణీగా పరిగణించవలెను. ఫోను ద్వారా సొమ్ము జమ అయిన యెడల, సొమ్ము అందినదని ప్రకటించు శబ్దపేటికను విక్రేత కళ్ళకద్దుకొనవలెను. పేటిక గోడకు బిగించబడి ఉన్నచో విక్రేతయే వెళ్ళి తన కళ్ళను పేటికకు అద్దవలెను."

గంగాధరరావు విసిరిన నోటు ఎవరి కళ్ళకీ తగల్లేదు గనక అది బోణీ కాదని తేలింది. దారపు ఉండ వెనక్కిచ్చేసి, ఆయన ఉసూరుమంటూ పైకెక్కిపోయాడు.

"ఇట్లాగైతే నా టీ కొట్టు ఎప్పుడు తెరుస్తానండీ?" అని కంట్రోలరు ఆఫీసుకి వెళ్ళి మొరపెట్టుకున్నాడు.

"నిరాశ చెందకండి," అన్నారు నిరంజన ప్రసాదు గారు. "యజమానుల మనోభావాలు కూడా మాకు సమానమే. ఎవరూ కొననిచోట ప్రభుత్వమే కొంటుంది. మేమే బోణీ చేస్తాం."

ప్రభుత్వం కొనాలంటే మనం కొన్నట్టు కాదు. మీటరు లైనింగు గుడ్డకి ముందు ఆవశ్యకత నిరూపించారు. రంగు ఖరారు చేశారు. మూడు కొట్ల నుంచి కొటేషన్లు పిలిచారు. పాండురంగం కొటేషను పంపలేదు. పంపిన వాళ్ళలో ఎదురువరస పద్మజా మ్యాచింగ్స్ వాళ్ళది తక్కువ ధర. నిబంధన ప్రకారం వాళ్ళ దగ్గరే కొన్నారు. ఆ కొట్టు నడిపే ఆమె సొమ్ము రెండు కళ్ళకీ అద్దుకుంది. 'బోణీ జరిగిన దుకాణమున నోటీసు అందజేయుము' అని ఫైలు మీద ఉండటంతో ఏసోబు పాండురంగం నోటీసు తీసి ఆమెకివ్వబోయాడు. ఆమె కత్తెర పట్టుకుని బయటికొచ్చింది. ఏసోబు చెప్పులు కూడా వేసుకోకుండా తిరిగొచ్చి మళ్ళీ పాండురంగం స్టూలెక్కాడు.

ఈలోగా సంగతి బజారంతా పాకింది. మెయిన్ బజారులో కొట్టు గలాయనతో పేచీ లేని కొట్టు ఏముంటుంది? ఒక్కొక్కరే బోణీలు మానేశారు. చెప్పుల కొట్టతను చెప్పులు తొడిగి చూపించి, రెండడుగులు నడిపించి, మళ్ళీ విప్పించి లోపల పెట్టేసేవాడు. స్టీలు సామాన్ల కొట్టాయన గిన్నెలు రోజూ తళతళా తోమించి, ఎవరైనా ధర అడిగితే మౌనవ్రతం అని సైగ చేసేవాడు. పొద్దున్నే షట్టర్లన్నీ లేచేవి, లైట్లన్నీ వెలిగేవి. రోడ్డు మీద జనం, కొట్ల నిండా సరుకు. గుండుసూది దొరికేది కాదు. ఊళ్ళోవాళ్ళు ఉప్పు కొనాలన్నా పక్క ఊరికి బస్సెక్కి పోవలసి వచ్చింది.

కంట్రోలరు ఆఫీసులో మాత్రం పండగ వాతావరణం. ఆ సీజనంతా ఆ డివిజనులో ఒక్క నోటీసు కూడా ఎవరికీ అందలేదు. నోటీసు అందలేదంటే తగాదా లేదని లెక్క. తగాదా లేదంటే యజమానులూ అద్దెదారులూ అన్నదమ్ముల్లా ఉన్నారని లెక్క. 'సంపూర్ణ సామరస్య డివిజను' కింద పంద్రాగస్టు నాడు కలెక్టరు గారి చేతుల మీదుగా ప్రశంసాపత్రానికి నిరంజన ప్రసాదు గారి పేరు పైకి వెళ్ళింది. ఆయన అప్పుడే కొత్త సఫారీ సూటు కుట్టించడానికి ఇచ్చారు. గుడ్డ మాత్రం విజయవాడ నుంచి తెప్పించుకోవలసి వచ్చింది.

వర్తక సంఘం వాళ్ళు పాండురంగానికి సన్మానం చేశారు. దారి చూపిన మహానుభావుడని శాలువా కప్పారు. ఆ శాలువా అంచు ఒక రంగు, కుట్టిన దారం ఇంకో రంగు. పాండురంగం సన్మానం జరుగుతున్నంతసేపూ ఆ దారాన్నే చూస్తూ కూర్చున్నాడు. మాట్లాడమంటే, "నాకేం బాగోలేదండీ," అన్నాడు. అది వినయం అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

నిజంగానే ఆయనకి బాగోలేదు. కత్తెర చేతిలోకి తీసుకుని గాల్లో ఆడించి మళ్ళీ పెట్టేసేవాడు. ఆషాఢం వెళ్ళింది, శ్రావణం వచ్చింది. మ్యాచింగ్ కొట్టుకి శ్రావణం అంటే ఏడాదికి సరిపడా పండగ. వచ్చే ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. లేదమ్మా, లేదమ్మా అని చెప్పి చెప్పి ఆయన గొంతు కూడా చిన్నదైపోయింది. తర్వాత్తర్వాత రావడం కూడా మానేశారు. ఖాళీ చేయించడమంటే ఇదే కదా, మనుషుల్ని ముందు పంపించేసి నన్ను మాత్రం ఉంచారు అనిపించేది ఆయనకి. ఆ మాట మాణిక్యమ్మతో అంటే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మరి కొట్టు పోతే ఏం చేస్తామండీ?" అంది.

వరలక్ష్మీ వ్రతం రెండు రోజులుందనగా సత్యవతి మళ్ళీ వచ్చింది. ఈసారి గుడ్డ అడగడానికి రాలేదు. బజారంతా బోణీలు మానేసిందని తెలిసినా, రంగు విషయంలో ఆయన అబద్ధమాడతాడని ఆమెకి తోచనే లేదు. చేతిలో ఉప్పాడ చీర, దాంతో పాటు ఒక జాకెట్టు ముక్క ఉన్నాయి.

"గుంటూరు తిరిగానన్నయ్య గారూ, విజయవాడ తిరిగాను. ఎక్కడా దొరకలేదు. మీ దగ్గరే లేదంటే ఇంకెక్కడా ఉండదని నాకు ముందే తెలుసనుకోండి. చివరికి ఒకతను ఇది కలిసిందని ఇచ్చాడు. నాకు నమ్మకం చిక్కడం లేదు. ఒక్కసారి మీరు చూసి చెప్పండి. మీరు కలిసిందంటే కట్టుకుంటాను."

ఆమె చీరా ముక్కా ఆయన చేతిలో పెట్టి, అమాయకంగా ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. ఒక్క మాట చాలు. కలిసిందమ్మా అంటే ఆమె వెళ్ళిపోతుంది. కొట్టు మిగులుతుంది.

పాండురంగం గుమ్మం దాటి ఎండలోకి వెళ్ళాడు. లైటు వెలుగులో రంగు చూడటం ఆయన దృష్టిలో మోసం కిందే లెక్క. ముక్కని చీర మీద ఆనించి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"కలవలేదమ్మా. దీంట్లో పచ్చ దిగింది," అన్నాడు.

"అయ్యో! మరిప్పుడెట్లా?"

ఆయన లోపలికొచ్చి స్టూలు లాగబోయాడు. దాని మీద ఏసోబు ఉన్నాడు. "కొంచెం లేవండి," అన్నాడు. ఏసోబు లేచాడు. పాండురంగం స్టూలెక్కి, కిటికీ పైనున్న తాను దించి, దుమ్ము దులిపి బల్ల మీద పరిచాడు.

"ఆ రోజే ఉందమ్మా. అబద్ధం చెప్పాను. ఎరుపు జాస్తేం కాదు. ఇది నీ చీర కోసమే పుట్టింది."

సత్యవతి గబగబా చీర విప్పి తాను పక్కన పరిచింది. ఏసోబు గొంతు సవరించుకున్నాడు.

"షావుకారు గారూ, నేనిక్కడే ఉన్నానండీ."

"తెలుసు ఏసోబు గారూ."

"నోటీసు కూడా ఉందండీ."

"ఉండనీయండి."

చర్రుమని కత్తెర నడిచింది. అన్నాళ్ళ తర్వాత ఆ చప్పుడు వినపడేసరికి ఎదురువరస చెప్పుల కొట్టతను తల బయటికి పెట్టి చూశాడు. సత్యవతి డబ్బులిచ్చింది. పాండురంగం ఆలోచించకుండానే రెండు కళ్ళకీ అద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు. ఏసోబు పాపం ఏడుపు మొహంతోనే నోటీసు చేతికిచ్చి సంతకం పెట్టించుకుని, ఆఫీసుకి ఫోను చేశాడు. అన్నం క్యారేజీతో అప్పుడే వచ్చిన మాణిక్యమ్మ, బల్ల మీద కాగితం చూసి, క్యారేజీ కింద పెట్టి తానూ కింద కూర్చుండిపోయింది.

అరగంట తిరక్కుండా జీపు వచ్చి ఆగింది. నిరంజన ప్రసాదు గారు చెమటలు కక్కుతూ దిగారు.

"ఏమిటండీ ఈ పని? ఎల్లుండి పంద్రాగస్టు! మొత్తం డివిజనులో ఒక్క నోటీసు! తెల్ల పంచె మీద సిరా చుక్కలా!" అని, గుక్క తిప్పుకుని అధికార భాషలోకి వచ్చారు. "సదరు బోణీ స్త్రీ యొక్క దైన్యమును చూచి చలించి చేసినది కనుక ఇష్టపూర్వకము కానేరదు. అమ్మా, ఆ ముక్క ఆయనకు ఇచ్చివేయండి. ఏమండీ, ఆ సొమ్ము ఆవిడకు ఇచ్చివేయండి. నోటీసు చెల్లదని నేనిక్కడే రాస్తాను."

జీపు చప్పుడుకి గంగాధరరావు మెట్ల మీదికొచ్చి నిలబడ్డాడు. జనం మూగారు. మాణిక్యమ్మ కళ్ళలో ఆశ కనిపించింది. "ఇచ్చేయండి," అంది మెల్లగా.

పాండురంగం తన తల పైన గోడకున్న చిన్న రేకు ముక్క చూపించాడు. కత్తిరించిన గుడ్డ వాపసు తీసుకోబడదు అని దాని మీద ఉంది. దేశంలో ఏ మ్యాచింగ్ కొట్లో చూసినా ఉండేదే.

"అది మీ కొట్టు నిబంధన. ఇది ప్రభుత్వ ఉత్తర్వు," అన్నారు కంట్రోలరు గారు. "కత్తిరించిన గుడ్డను కత్తిరించనట్లుగా భావించుటకు నాకు అధికారమున్నది."

"మీకుంటుందండీ. నాకు లేదు."

"అర్థమవుతోందా మీకు? నోటీసు చెల్లిందంటే కేసు నడుస్తుంది. కొట్టు పోవచ్చు!"

పాండురంగం మాణిక్యమ్మ వైపు చూశాడు, తానుల వైపు చూశాడు. ఆయన నోట వచ్చింది పాత షావుకారు మాటే.

"ముక్క కోసేశానండీ," అన్నాడు.

కంట్రోలరు గారు తన దగ్గరున్న సర్క్యులర్లన్నీ మనసులో తిరగేసుకున్నట్టున్నారు. ఏదీ దొరకలేదు. జీపెక్కి వెళ్ళిపోయారు.

గంగాధరరావు మెట్లు దిగి వచ్చాడు. గెలిచినవాడి మొహంలా లేదు అది. భార్య ఎండలో నిలబడి చీర మీద ముక్క ఆనించి చూసుకుంటోంది. ఎక్కడ చీరో ఎక్కడ గుడ్డో తెలియడం లేదు.

"చూశారా?" అంది ఆమె భర్తతో. "ఈయన్ని పంపించేసి మీరు టీ అమ్ముతారా? రేపు నేను జాకెట్టుకి ముంత తొడుక్కోనా?"

"నేను నోటీసిమ్మన్నాను గానీ..." అని నసిగాడాయన.

"ఆ టీ ఏదో మెట్ల కింద పెట్టుకోండి. ఈ కొట్టు ముందు గంటలు గంటలు కాళ్ళు పీక్కుపోతూ నిలబడే మొగుళ్ళున్నారు కదా, వాళ్ళే తాగుతారు. చుక్క మిగలదు."

గంగాధరరావు మెట్ల కిందికి వంగి చూశాడు. చేతులు చాచి కొలుచుకున్నాడు. బావమరిది వీడియోలో ఈ ఉపాయం లేదు.

"వాయిదాకి ఇద్దరం నా బండి మీదే పోదాం పాండురంగం. రాజీ అని చెప్పేద్దాం," అన్నాడు. మాణిక్యమ్మ చప్పున లేచి క్యారేజీ విప్పి, ముందు ఏసోబుకి వడ్డించింది.

ఆ సాయంత్రానికి చెప్పుల కొట్లో చెప్పులు అమ్ముడయ్యాయి. మర్నాటికి గిన్నెలు కదిలాయి. సామరస్యమంతా చెడిపోయి బజారు మళ్ళీ మామూలు బజారైపోయింది. పంద్రాగస్టు నాటి ప్రశంసాపత్రం పక్క డివిజనుకి పోయింది. అక్కడ కంట్రోలరు పోస్టు రెండేళ్ళుగా ఖాళీ. ఒక్క నోటీసు కూడా జారీ కాలేదు. అధికారి లేనందువల్ల అటెండరు వెళ్ళి కలెక్టరు గారి చేతుల మీదుగా అందుకున్నాడు.

ఈ సంగతి ఏసోబు వచ్చి చెబుతుంటే పాండురంగం ఊఁ కొట్టాడు గానీ వినలేదు. ఆయన ఎవరిదో చీర చెంగు పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు. మెట్ల కింద ఆవిడ భర్త రెండో టీ తాగుతున్నాడు.

"ఇది దొరకదేమోనండీ?" అంటోంది ఆవిడ దిగులుగా.

"ఉందమ్మా," అన్నాడు పాండురంగం. రోడ్డవతలికి వినపడేంత గట్టిగా అన్నాడు. "ఎందుకు లేదూ, ఉంది!"